‘వద్దు’ అనే లెక్కకు మీ బల్ల దగ్గర చోటివ్వండి
మాంచెస్టర్ యునైటెడ్ సహయజమాని సర్ జిమ్ రాట్‌క్లిఫ్ గారికి బహిరంగ లేఖ

సర్ జిమ్ రాట్‌క్లిఫ్ గారికి,



2025 జూలైలో మీ క్లబ్బు బ్రెంట్‌ఫర్డ్ నుంచి బ్రయాన్ ఎంబ్యూమోను కొన్నది. ముందుగా ఒప్పుకున్న ధర 6.5 కోట్ల పౌండ్లు, షరతుల మీద ఇవ్వాల్సింది మరో 60 లక్షలు. ఇదే కుర్రాణ్ణి 2019 ఆగస్టులో ఫ్రాన్స్ రెండో డివిజన్ జట్టు ట్రువా నుంచి తెచ్చుకున్నప్పుడు బ్రెంట్‌ఫర్డ్ పెట్టింది సుమారు 58 లక్షల పౌండ్లు. అప్పటికి అతనికి ఇరవయ్యేళ్లు నిండలేదు. బ్రెంట్‌ఫర్డ్ అప్పుడు ప్రీమియర్ లీగ్‌లో కూడా లేదు. ఆ రోజుల్లో ట్రువా దాకా వెళ్లి రావడానికి మాంచెస్టర్‌లో డబ్బుకు గానీ, మనుషులకు గానీ కొదవ లేదు. అయినా అతని ఆటను లెక్కగట్టిన వాళ్లు లండన్‌లోని ఆ చిన్న క్లబ్బులో ఉన్నారు. వాళ్ల మాట విని చెక్కు మీద సంతకం పెట్టిన యజమాని కూడా అక్కడే ఉన్నాడు.

ఆరేళ్ల తర్వాత మీరు కట్టింది పదకొండు రెట్లు. అందులో ఎంబ్యూమో పడ్డ కష్టం విలువ కొంత ఉంది. దాన్ని ఎవరూ కాదనలేరు. తక్కినదంతా ఇంకొకరు ముందుగా తెలుసుకున్నదాన్ని మీరు ఆలస్యంగా తెలుసుకున్నందుకు కట్టిన సొమ్ము. ఈ లేఖ ఆ సొమ్ము గురించే.

నేను హైదరాబాద్‌లో గణాంకశాస్త్రం చెప్పే మాస్టారిని. చిన్నప్పటి నుంచీ మీ క్లబ్బు అభిమానిని. మా ఊరు క్రికెట్ ఊరని బయటివాళ్లు అనుకుంటారు గానీ, భారత ఫుట్‌బాల్‌కు గురువైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాహెబ్ ఇక్కడివారే. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. తులసీదాస్ బలరామ్, మొహమ్మద్ హబీబ్ లాంటి మా కుర్రాళ్లను కలకత్తా ఈస్ట్ బెంగాల్ వాళ్లు తీసుకుపోయింది కేవలం కంటిచూపును నమ్ముకునే. ఆ చూపును చిన్నచూపు చూసే ఉద్దేశం నాకు ఏ కోశానా లేదు. అయితే ఆనాడు ఒక ఆటగాణ్ణి తప్పుగా ఎంచితే పోయేది ఒక సీజను. ఇప్పుడు మీ దగ్గర పోతున్నవి అయిదేళ్ల కాంట్రాక్టులు, కోట్ల పౌండ్లు, వాటితోపాటు ఆ నిర్ణయంలో ఏ పాత్రా లేని మనుషుల ఉద్యోగాలు.

2024 డిసెంబరులో ఒక అభిమానుల పత్రికతో మాట్లాడుతూ, కొనుగోళ్లకు తోడుండాల్సిన డేటా విశ్లేషణ మన క్లబ్బులో లేనట్టే, ఈ విషయంలో మనం పోయిన శతాబ్దంలోనే ఉన్నాం అన్న అర్థంలో మీరు చెప్పారు. యజమాని స్థానంలో ఉన్నవారు అంత నిక్కచ్చిగా ఒప్పుకోవడం అరుదు. మీ నేపథ్యం చూస్తే ఆ మాట మీకు ఎంత చేదుగా ఉండి ఉంటుందో ఊహించగలను. మీరు చదివింది కెమికల్ ఇంజనీరింగ్. గేజీ చూడకుండా వాల్వు తిప్పే మనిషిని మీ ఐనియోస్ ప్లాంటులో ఒక్కపూట ఉంచరు. మీ సైక్లింగ్ జట్టులో రైడరు కొండెక్కుతుంటే ఎన్ని వాట్ల శక్తి పెడుతున్నాడో క్షణక్షణం కొలుస్తారు. మీకు మూడో వంతు వాటా ఉన్న మెర్సిడెస్ ఫార్ములా వన్ జట్టు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ జట్టు నుంచే 2025లో ఒక నిపుణుణ్ణి తెచ్చి యునైటెడ్ డేటా విభాగాన్ని అప్పగించారు. మంచి పని.

నా దిగులు ఆ తర్వాతి మెట్టు గురించి. నిపుణుల్ని నియమించడం ఒక ప్రకటనతో అయిపోతుంది. కోచ్ ఫలానావాడే కావాలని పట్టుబట్టినప్పుడు, ఏజెంటు ఫోను మీద ఫోను చేస్తున్నప్పుడు, ట్రాన్స్‌ఫర్ గడువు రెండు రోజుల్లో ముగుస్తున్నప్పుడు, ఆ విభాగం నుంచి ఒకరు లేచి ‘ఈ ధరకు వద్దు’ అంటే ఆ మాట ఆగుతుందా, సాగుతుందా? ట్రాన్స్‌ఫర్లలో గణాంకాల వల్ల కలిగే అతి పెద్ద మేలు, దాచిపెట్టిన రత్నాన్ని వెతికి తేవడం అని చాలామంది అనుకుంటారు. ఎంబ్యూమో లాంటి కథలు చెప్పుకోవడానికి బాగుంటాయి కూడా. కానీ మీ క్లబ్బంత పెద్ద క్లబ్బుకు అసలు మేలు కొనకుండా ఆపడంలో ఉంది. 2013లో కోచ్ ఫెర్గూసన్ వెళ్లిపోయిన తర్వాతి చరిత్రంతా ఇందుకు సాక్ష్యం.

ఈ లేఖ మా పాఠకులు కూడా చదువుతారు కనుక లెక్క ఎలా నడుస్తుందో కొంచెం చెప్పుకోవాలి. మ్యాచ్‌లో కొట్టిన ప్రతి షాటుకూ, అలాంటి చోటు నుంచి, అలాంటి కోణంలో, కాలితోనో తలతోనో కొట్టిన వేలాది పాత షాట్లలో ఎన్ని గోలయ్యాయో చూసి ఒక విలువ కడతారు. పెనాల్టీ అయితే నాలుగింట మూడు వంతులకు కాస్త పైన. బాక్సు బయటి నుంచి కొట్టింది చాలాసార్లు నూటికి నాలుగైదు కూడా ఉండదు. వీటిని కూడితే వచ్చేదే ఎక్స్‌పెక్టెడ్ గోల్స్, పొట్టిగా ఎక్స్‌జీ. అంటే న్యాయంగా రావాల్సిన గోల్స్. వచ్చిన గోల్స్‌కూ, రావాల్సిన గోల్స్‌కూ మధ్య ఉన్న తేడాలోనే ట్రాన్స్‌ఫర్ మార్కెట్ చేసే తప్పులన్నీ దాగి ఉన్నాయి.

ఒక స్ట్రైకరు సీజను మొత్తం మీద వంద షాట్లు కొట్టాడనుకుందాం. ఒక్కొక్కటి గోలయ్యే అవకాశం పదింట ఒకటి. సగటున పది గోల్స్ రావాలి. అతని ఆటలో వెంట్రుకవాసి మార్పు లేకుండానే, కేవలం అదృష్టం కొద్దీ, ఒక ఏడు 7, మరుసటి ఏడు 13 రావడం మామూలు. 4 నుంచి 16 దాకా ఎక్కడ తేలినా పెద్దగా ఆశ్చర్యపోవాల్సింది లేదు. పత్రికలు మాత్రం ఏడు గోల్స్ నాడు పనైపోయిందని, పదమూడు గోల్స్ నాడు దేశంలోకెల్లా మేటి అని రాస్తాయి. ధర ఆ రాతల వెంబడి పోతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి ప్రపంచ గణాంకశాస్త్రానికే పెద్ద దిక్కైన సి.ఆర్.రావు గారు పాతికేళ్ల వయసులో, 1945లో రాసిన ఒక పరిశోధన పత్రంలో దీని మూలసూత్రం ఉంది. చేతిలో ఉన్న సమాచారం కొద్దిదైతే, ఎంత తెలివైన పద్ధతి వాడినా అంచనాలో కచ్చితత్వం ఒక హద్దు దాటదని ఆయన నిరూపించారు. క్రామర్-రావు హద్దు అని పేరున్న ఆ సూత్రం గురించి వినని ఏజెంటు ఒక్క సీజను గోల్స్ చూపించి మీ దగ్గర కోట్లు అడుగుతాడు. అడగడం అతని వృత్తి. ఆ ఒక్క సీజను ఎంత చెప్పగలదో, ఎంత చెప్పలేదో చూపించడం మీ లెక్కలవాళ్ల వృత్తి.

ఎంబ్యూమో దగ్గరికే వద్దాం. 2021-22లో, ప్రీమియర్ లీగ్‌లో అతని మొదటి సీజన్లో, చేసినవి 4 గోల్స్. బంతి మాటిమాటికీ వెళ్లి గోల్ పోస్టుకు తగిలింది. గోల్స్ మాత్రమే చూసే క్లబ్బయితే ఆ వేసవిలోనే అతణ్ణి ఎవరికో అంటగట్టేది. అతను సరైన చోట్లకు చేరుతున్నాడని, మంచి షాట్లు పడుతున్నాయని తెలిసిన బ్రెంట్‌ఫర్డ్ ఉంచుకుంది. 2024-25లో అతను 20 గోల్స్ చేశాడు. అవి ఎక్స్‌జీ చెప్పిన దానికంటే బాగా ఎక్కువ. సరిగ్గా ఆ సీజను ముగిశాకే మీరు కొన్నారు. అదే వేసవిలో ఉల్వ్స్ నుంచి 6.25 కోట్ల పౌండ్లకు తెచ్చుకున్న మాథ్యూస్ కున్యా కథ కూడా దాదాపు ఇదే. 15 లీగ్ గోల్స్, రావాల్సిన వాటికంటే చాలా ఎక్కువ. ఇద్దరూ మంచి ఆటగాళ్లు. ఇంగ్లండ్‌లో ఆడి నిలబడ్డవాళ్లు, వయసు మీరనివాళ్లు. వీళ్లను కొనడం తప్పని నేననను. కానీ బ్రెంట్‌ఫర్డ్ 4 గోల్స్ నాడు అమ్మకుండా ఆగి, 20 గోల్స్ నాడు అమ్మింది. ఆ అమ్మకపు గడియను ఎంచడంలో ఉన్న నేర్పు కూడా లెక్కల నుంచి పుట్టిందే. ఆ నేర్పుకు ఎదురుగా కూర్చుని బేరమాడేటప్పుడు మీ వైపు నుంచి కూడా అంతే నేర్పు ఉండాలి.

2025 అక్టోబరులో లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో ఆట మొదలైన రెండో నిమిషంలోనే ఎంబ్యూమో గోల్ కొట్టాడు. యునైటెడ్ 2-1తో గెలిచింది. ఇంట్లో కేకలు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ ఆ గోల్‌ను చూపించి ఎవరైనా ‘కొనుగోలు సరైనదే’ అని మీతో అంటే దయచేసి నమ్మకండి. మరుసటి నెలల్లో అతను తడబడితే ‘కొనుగోలు తప్పే’ అనేవాళ్లనూ నమ్మకండి. నిర్ణయం మంచిదా కాదా అన్నది ఆ రోజు చేతిలో ఉన్న సమాచారాన్ని బట్టి తేలాలి. తర్వాత వచ్చిన ఫలితాన్ని బట్టి కాదు.

ఈ సంగతి లివర్‌పూల్ యజమానులకు మీకంటే పదేళ్లు ముందే తెలిసింది. మన క్లబ్బు అభిమానిగా ఈ వాక్యం రాయడం నాకు కష్టమే. కేంబ్రిడ్జ్‌లో భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసిన ఇయన్ గ్రహమ్‌ను వాళ్లు 2012లోనే తీసుకున్నారు. 2014-15లో యుర్గన్ క్లాప్ నడిపిన డార్ట్‌మండ్ జర్మన్ లీగ్‌లో ఏడో స్థానంతో సరిపెట్టుకుంది. ఒక దశలో అట్టడుగుకు కూడా జారింది. ఆ ఆట తీరుకు దక్కాల్సింది రెండో స్థానమని గ్రహమ్ లెక్క చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్లు క్లాప్ వెలుగు తగ్గిందంటున్న రోజుల్లో ఆ లెక్క లివర్‌పూల్ యజమానుల ముందు ఉంది. 2015 అక్టోబరులో ఆయన్ని తెచ్చుకున్నారు.

నన్ను మరీ కదిలించేది 2017 వేసవి. క్లాప్ మొదట యూలియన్ బ్రాంట్‌ను కోరారు. అప్పటి స్పోర్టింగ్ డైరెక్టర్ మైఖేల్ ఎడ్వర్డ్స్, ఆయన వెనక ఉన్న విశ్లేషకులు మొహమ్మద్ సలా కోసం పట్టుబట్టారు. చెల్సీలో నిలదొక్కుకోలేక వెళ్లిపోయినవాడన్న ముద్ర ఇంగ్లండ్‌లో సలా మీద ఇంకా ఉంది. చివరికి క్లాప్ ఒప్పుకున్నారు. సలా మొదటి సీజన్లోనే 32 లీగ్ గోల్స్ చేశాడు. సలా ఎంత గొప్పవాడన్నది ఇక్కడ నాకు రెండో విషయం. యూరప్‌లోనే పేరుమోసిన ఒక కోచ్ ముందు నిలబడి లెక్కలవాళ్లు మరో పేరు చెప్పగలిగారు, యజమానులు వాళ్ల వెనక నిలిచారు, కోచ్ దాన్ని అవమానంగా తీసుకోలేదు. ఆ మూడూ ఒక్కచోట కుదిరాయి. మీరు ఎంత డబ్బు పోసినా బజారులో దొరకనిది అదే.

లెక్కలంటే చవక బేరాలని కూడా ఆ క్లబ్బు అనుకోలేదు. 2018 జనవరిలో కుటీన్యోను బార్సిలోనాకు అమ్మిన నెలలోనే, వర్జిల్ వాన్ డైక్ మీద 7.5 కోట్ల పౌండ్లు పెట్టింది. అప్పటికి ప్రపంచంలో ఏ డిఫెండరుకూ అంత ధర లేదు. అంతకు ముందు వేసవిలో బేరం కుదరకపోతే, చేతికందిన మరొకణ్ణి కొనకుండా ఆర్నెల్లు కాచుకుని కూర్చుంది. కొనకుండా కూర్చోవడం కూడా ఒక నిర్ణయమే. 2019లో ఛాంపియన్స్ లీగ్, 2020లో ముప్పై ఏళ్ల తర్వాత లీగ్ టైటిల్ వచ్చాయి.

అక్కడా పొరపాట్లున్నాయి. గ్రహమ్ ఎంతో ఇష్టపడిన నాబీ కేటా గాయాలతోనే కాలం గడిపి వెళ్లిపోయాడు. 2025 వేసవిలో రికార్డు స్థాయిలో ఖర్చుపెట్టిన అదే లివర్‌పూల్, ఆ సీజన్లో వరుసగా నాలుగు లీగ్ మ్యాచ్‌లు ఓడింది. అందులో ఒకటి మన చేతిలో, మరొకటి బ్రెంట్‌ఫర్డ్ చేతిలో. లెక్కలు పొరపాట్లను మాయం చేయవు, వాటి సంఖ్యను తగ్గిస్తాయి. పదింట నాలుగు కొనుగోళ్లు కుదిరే క్లబ్బు పదింట ఆరు కుదిరేలా మారితే చాలు, అయిదేళ్లలో దాని తలరాతే మారిపోతుంది.

బ్రెంట్‌ఫర్డ్ యజమాని మాథ్యూ బెన్‌హమ్ చెల్లించిన మూల్యం ఇంకా పెద్దది. 2015 ఫిబ్రవరిలో, జట్టు ప్రీమియర్ లీగ్‌కు ఎగబాకే పోటీలో ఉండగానే, కోచ్ మార్క్ వార్‌బర్టన్ సీజను చివర వెళ్లిపోతారని క్లబ్బు ప్రకటించింది. ఆటగాళ్ల ఎంపికలో గణాంకాలకు ఇవ్వాల్సిన స్థానం మీద ఇద్దరికీ పొసగలేదు. దేశమంతా బెన్‌హమ్‌ను తిట్టింది. తర్వాత తెచ్చుకున్న కోచ్‌ను సెప్టెంబరు ముగిసేలోగా పంపించాల్సి వచ్చింది కూడా. అయినా పద్ధతి మార్చలేదు. ఎక్సెటర్ నుంచి 18 లక్షల పౌండ్లకు తెచ్చిన ఓలీ వాట్కిన్స్‌ను 2020లో ఆస్టన్ విల్లాకు 2.8 కోట్లకు అమ్మారు. పీటర్‌బరో నుంచి తెచ్చిన ఐవన్ టోనీ అతని స్థానంలో 31 లీగ్ గోల్స్ కొట్టాడు. 2021లో, 74 ఏళ్ల తర్వాత, బ్రెంట్‌ఫర్డ్ పై లీగ్‌లో అడుగుపెట్టింది. బెన్‌హమ్ డబ్బు జూదపు పందేలకు లెక్కలు కట్టే వ్యాపారం నుంచి వచ్చిందని నాకు తెలుసు. ఆన్‌లైన్ పందేల్లో కూలిపోయిన కుటుంబాలను చూసి తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వాటిని నిషేధించాయి. ఆ వ్యాపారం మీద నాకు ఏ గౌరవమూ లేదు. తిట్లు పడుతున్నప్పుడు కూడా పద్ధతిని వదలని ఆ స్థైర్యం మీద మాత్రం ఉంది.

ఇప్పుడు మన ఇంటి సంగతి. 2025 మార్చిలో మీరు ఆంటొనీ, కాసెమీరో, ఒనానా, హోయ్‌లండ్, సాంచో పేర్లు చెప్పి, ఇవి మేము చేసిన కొనుగోళ్లు కావు, అయినా వాయిదాలు మేమే కట్టాలి అని వాపోయారు. నిజమే. ఆంటొనీకి 2022లో 8 కోట్ల పౌండ్లకు పైగా పెట్టారు. ఏయాక్స్‌లో తన శిష్యుడని అప్పటి కోచ్ టెన్ హాగ్ కోరుకున్నారు. డచ్ లీగ్‌లో బంతిని ఎప్పుడూ తన దగ్గరే ఉంచుకునే జట్టులో ఆడిన వింగరు అంకెలను ఇంగ్లండ్‌కు యథాతథంగా తెచ్చుకోకూడదు. ప్రత్యర్థుల బలం, జట్టు బంతిని పట్టి ఉంచే సమయం, ఆడిన నిమిషాలు, వీటన్నిటికీ సవరణ చేశాకే పోల్చాలి. నా దగ్గర చదివే రెండో సంవత్సరం విద్యార్థి కూడా అడిగే ప్రశ్న అది. 2025లో అతణ్ణి స్పెయిన్ క్లబ్బు బేటిస్ దాదాపు నాలుగో వంతు ధరకే తీసుకుంది. తేడా సుమారు 6 కోట్ల పౌండ్లు. ముప్పై ఏళ్లు నిండిన కాసెమీరోకు నాలుగేళ్ల కాంట్రాక్టు ఇచ్చిననాడే తిరిగి అమ్మేటప్పుడు చేతికి ఏమీ రాదని తెలిసి ఉండాలి. హోయ్‌లండ్‌కు అప్పటికి ఇటలీ లీగ్‌లో ఉన్నవి ఒకే ఒక్క సీజను, 9 గోల్స్. పైన చెప్పిన వంద షాట్ల లెక్క అతనికి ఇంకా గట్టిగా వర్తిస్తుంది. ఇరవయ్యేళ్ల ఆ కుర్రాడి భుజాల మీద 6.4 కోట్ల పౌండ్ల బరువు పెట్టారు. ఆ బరువు అతని తప్పు కాదు.

కానీ, సర్, వారసత్వం మీద పెట్టి తప్పుకోలేనివి కూడా ఉన్నాయి. 2024 వేసవి మీది. టెన్ హాగ్ కాంట్రాక్టు పొడిగించి, ఏయాక్స్‌లో ఆయన దగ్గర ఆడిన డె లిఖ్ట్‌ను, మజ్రావీని ఆగస్టులో బయర్న్ నుంచి తెచ్చారు. అక్టోబరు చివర ఆయన్నే తీసేశారు. ముగ్గురు సెంటర్ బ్యాక్‌లతో ఆడించే రూబెన్ అమోరిమ్‌ను తెచ్చి, నలుగురి వరుసకు కూర్చిన జట్టును ఆయన చేతిలో పెట్టారు. కోచ్‌ను, స్పోర్టింగ్ డైరెక్టరును మార్చినందుకే 1.45 కోట్ల పౌండ్లు పోయాయి. ఆ సీజన్లో 42 పాయింట్లతో పదిహేనో స్థానం. కోచ్ కోసం ఆటగాణ్ణి కొనే క్లబ్బు, కోచ్ మారిన ప్రతిసారీ పాత కోచ్ అప్పు తీరుస్తూ ఉంటుంది. ఫెర్గూసన్ తర్వాత వచ్చిన మోయెస్ నుంచి ఇప్పటిదాకా జరిగింది అదే.

లెక్కలు తెచ్చారు కనుక ఇక భయం లేదని కూడా అనుకోవద్దు. చెడ్డ లెక్క, లెక్క లేకపోవడం కంటే ప్రమాదం. 1950 మార్చిలో స్విండన్ మైదానంలో పెన్సిలు పట్టుకుని దాడుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టిన చార్ల్స్ రీప్, గోల్స్‌లో ఎక్కువ భాగం మూడు పాస్‌ల లోపే వస్తున్నాయని చూశారు. అందుకని బంతిని పొడుగ్గా ముందుకు తన్నమన్నారు. అసలు ఆటలో ఎక్కువ కదలికలు మూడు పాస్‌ల లోపే ముగుస్తాయి కనుక గోల్స్ కూడా అక్కడే ఎక్కువ ఉంటాయన్నది ఆయన పట్టించుకోలేదు. భాగహారంలో కింద రాయాల్సిన అంకె మరిచిపోయారంతే. ఇంగ్లిష్ ఫుట్‌బాల్ దశాబ్దాల పాటు ఆ తప్పును మోసింది. మన క్లబ్బులోనే 2001లో యాప్ స్టామ్‌ను లాజియోకు అమ్మారు. అతని ట్యాకిల్స్ సంఖ్య తగ్గిందన్న లెక్కకు ఆ నిర్ణయంలో పాత్ర ఉందని ఫుట్‌బాల్ రచయితలు రాశారు. సరైన చోట నిలబడే డిఫెండరుకు ట్యాకిల్ చేయాల్సిన అవసరమే తక్కువ. ఆ అమ్మకం పొరపాటని ఫెర్గూసనే తర్వాత చెప్పారు.

అందుకే స్కౌట్లను వదులుకోకండి. కొత్త దేశంలో భాష రాక గదిలో ఒంటరిగా కూర్చునే పంతొమ్మిదేళ్ల పిల్లవాడి మనసు, ఓడుతున్న మ్యాచ్‌లో ఎనభయ్యో నిమిషాన తోటివాడి మీద విసుక్కునేవాడి స్వభావం సెకనుకు పాతిక ఫ్రేములు తీసే కెమెరాలకు దొరకవు. స్కౌట్ చూసింది, లెక్క చెప్పింది ఒక్కటే కానప్పుడు ఎందుకు కాలేదో కూర్చుని తేల్చుకోండి. ఆ గంట సంభాషణలోనే అసలు జ్ఞానం పుడుతుంది.

ఉద్యోగాల గురించి రాయకుండా ఈ లేఖ ముగించలేను. 2024లో సుమారు 250 మందిని తీసేశారు. 2025లో మరో 150 నుంచి 200 మంది దాకా పోతారని చెప్పారు. ఓల్డ్ ట్రాఫర్డ్ సిబ్బందికి ఉచితంగా పెట్టే మధ్యాహ్న భోజనం ఆపేశారు. సీజను మధ్యలో సభ్యుల టికెట్టును 66 పౌండ్లు చేసి, పిల్లలకూ వృద్ధులకూ ఉన్న రాయితీ తీసేశారు. క్లబ్బు నష్టాల్లో ఉంది, ఎక్కడో కోత తప్పదు అన్నారు. టికెట్లు చింపేవాళ్లు, ఉత్తరాలకు జవాబులు రాసేవాళ్లు, ముప్పై ఏళ్లుగా వంటగదిలో ఉన్నవాళ్లు ఆంటొనీని కొనలేదు. ఒక్క ఆంటొనీ బేరంలో పోయిన దానితో ఆ వంటగది ఎన్నేళ్లు నడిచేదో మీ అకౌంటెంట్లు పది నిమిషాల్లో చెప్పగలరు. ట్రాన్స్‌ఫర్ లెక్కలను నేను కేవలం ఆటకు సంబంధించిన తెలివిగా చూడలేకపోవడానికి కారణం ఇదే. పెద్ద బల్ల దగ్గర ‘వద్దు’ అనే గొంతు లేకపోతే, ఆ బిల్లు చిన్న బల్లల దగ్గరికి వస్తుంది.

కనుక మిమ్మల్ని కోరేది ఇది. ప్రతి కొనుగోలుకూ ముందు ఒక కాగితం రాయించండి. ఈ ఆటగాడు ఎందుకు, ఏ వయసు దాకా పనికొస్తాడు, ఎంత ధర దాటితే లేచి వచ్చేయాలి అన్నవి బేరం మొదలు కాకముందే అందులో ఉండాలి. ధర దాటాక ఆ అంకెను దిద్దే అధికారం మీకు కూడా ఉండకూడదు. డేటా విభాగం ఒప్పుకోకపోతే ఆ అసమ్మతి వాళ్ల మాటల్లోనే ఉండాలి, కోచ్ చదివాకే సంతకం పెట్టాలి. ఆ విభాగం అధిపతి కోచ్ కింద కాకుండా నేరుగా బోర్డు కింద పనిచేయాలి. కోచ్ పోయినా ఆ మనిషి, ఆ ఫైళ్లు ఉండాలి.

ఇంకొక్కటి. మూడేళ్లు గడిచాక ఆ కాగితాలను అభిమానుల సలహా మండలి ముందు పెట్టండి. మూడేళ్లకు వ్యాపార రహస్యాలు పాతబడతాయి. నిర్ణయం తీసుకున్న తీరు మాత్రం పాతబడదు. తప్పయిన కొనుగోలు వెనక కూడా సరైన ఆలోచన ఉందని కనిపిస్తే, 66 పౌండ్లు పెట్టి టికెట్టు కొన్నవాడు ఓర్చుకుంటాడు. ఆలోచనే లేదని కనిపిస్తే అది కూడా అతనికి తెలియాలి.

2025 వేసవితోనే మొదలుపెట్టండి. ఎంబ్యూమోకు, కున్యాకు మీరు ముందుగా గీసుకున్న గీత ఎక్కడుందో, దాని దగ్గర ఆగారో దాటారో 2028 వేసవిలో చదవాలని ఎదురుచూస్తాను.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి మీ క్లబ్బు అభిమాని,
ఒక గణాంకశాస్త్ర అధ్యాపకుడు